పిల్లలపై గతంలో జరిగిన అఘాయిత్యాలు, విచారణ నిర్ణయాల్లో ప్రజాప్రతినిధుల పాత్ర: జెర్సీ అనుభవం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

బాలల సంరక్షణ గురించి ఎక్కడ మాట్లాడినా నేను జెర్సీ ద్వీపం సంగతి చెబుతుంటాను. ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలకు ఏం జరిగిందో తేల్చాలా వద్దా అన్నది అక్కడ మంత్రుల గదిలో ఆగిపోయి, చివరికి చట్టసభలో ఓటుతో తేలింది. ఈ కథ విన్నవాళ్లు దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతున్నారు. వాటిని ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. దశల వారీగా పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లొచ్చు.

## నేపథ్యం

జెర్సీ ఎక్కడుంది? ఇంగ్లండ్‌లో భాగమేనా?

కాదు. ఫ్రాన్స్ తీరానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ద్వీపం అది. బ్రిటిష్ రాచరికం కిందే ఉన్నా యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు. చట్టసభ, కోర్టులు, పన్నులు అన్నీ సొంతమే. జనాభా సుమారు లక్ష, అంటే మన దగ్గర ఒక మోస్తరు పట్టణమంత. చట్టసభ పేరు స్టేట్స్ అసెంబ్లీ. ఇప్పుడు 49 మంది ఎన్నికైన సభ్యులున్నారు. చాలాకాలం వాళ్లలో ఎక్కువ మంది ఏ పార్టీ గుర్తూ లేకుండా, సొంత పేరు మీదే గెలుస్తూ వచ్చారు. ముఖ్యమంత్రిని కూడా సభే ఎన్నుకుంటుంది. పార్టీ విప్ భయం లేనిచోట ఒక్కో సభ్యుడి ఓటుకు ఎంత బరువుంటుందో ఈ కథలో కనిపిస్తుంది.

అక్కడ అసలు ఏం జరిగింది?

ద్వీపంలో ఓ ద లా గరెన్ అనే పెద్ద బాలల గృహం ఉండేది. 1867లో మొదలై 1986లో మూతపడింది. అక్కడా, మరికొన్ని గృహాల్లోనూ, పెంపుడు కుటుంబాల దగ్గరా పెరిగిన పిల్లలను దశాబ్దాల పాటు కొట్టారు, ఒంటరి గదుల్లో బంధించారు, లైంగికంగా హింసించారు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక నోరు విప్పారు. పోలీసులు తమ దర్యాప్తును 2007 నవంబర్‌లో బయటపెట్టి, బాధితులను ముందుకు రమ్మని కోరారు. 2008 ఫిబ్రవరిలో ఆ భవనంలో తవ్వకాలు మొదలుపెట్టేసరికి ప్రపంచ మీడియా అంతా ద్వీపంలో దిగింది. 2010లో దర్యాప్తు ముగిసేనాటికి పోలీసులు 192 మంది బాధితులను గుర్తించారు. ఎనిమిది మంది మీద కేసులు నడిచాయి, ఏడుగురికి శిక్ష పడింది.

అక్కడ దొరికిన పుర్రె ముక్క పిల్లలది కాదని తేలింది కదా, మరి అంతా కట్టుకథేనా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. తవ్వకాల్లో దొరికిన ఒక ముక్కను మొదట పిల్లల పుర్రె అనుకున్నారు. కాదని తర్వాత తేలింది. హత్యలు జరిగాయనడానికి ఆధారం దొరకలేదు. ఇది నిజం. అయితే బాధితుల్లో ఎక్కువ మంది చెప్పింది హత్యల గురించి కాదు, తమకు జరిగిన దాని గురించి. ఆ వాంగ్మూలాలకూ ఆ ఎముక ముక్కకూ సంబంధం లేదు. కోర్టుల్లో పడిన శిక్షలు నిజమైనవి, తర్వాత విచారణ కమిటీ తేల్చిన వైఫల్యాలు నిజమైనవి. మీడియా హడావుడి తప్పయితే ఆ తప్పు మీడియాది. దాన్ని తెచ్చి ఆ పిల్లల నెత్తిన పెట్టకూడదు.

ఇన్నేళ్ల తర్వాత పాత గాయాలను రేపడం అవసరమా?

ఇది ఎక్కువగా గాయపడని వాళ్లు అడిగే ప్రశ్న. గాయపడినవాళ్లకు అది పాతది కాదు, రోజూ మోస్తున్నదే. ఇంకో కారణం కూడా ఉంది. అప్పుడు కళ్లు మూసుకున్న వ్యవస్థ ఇప్పుడు తెరిచిందో లేదో వెనక్కి చూడకుండా తెలియదు. జెర్సీలో సరిగ్గా అదే బయటపడింది. గతం చూడటానికి వేసిన కమిటీ, ప్రస్తుతం సంరక్షణలో ఉన్న పిల్లలు కూడా ప్రమాదంలో ఉండొచ్చని హెచ్చరించింది.

## విచారణ వేయాలా వద్దా

పోలీసు దర్యాప్తు జరిగాక మళ్లీ బహిరంగ విచారణ ఎందుకు?

పోలీసులు అడిగేది 'ఎవరు చేశారు, రుజువుందా' అని. నిందితుడు చనిపోయినా, సాక్ష్యం చాలకపోయినా వాళ్ల ఫైల్ మూతపడుతుంది. వార్డెన్ మీద ఫిర్యాదు వచ్చినప్పుడు దాన్ని చదివిన అధికారి ఎవరు, తనిఖీలు ఎందుకు ఆగిపోయాయి, గృహానికి సిబ్బందిని ఎలా తీసుకున్నారు, సభ ఏళ్ల తరబడి ఎందుకు అడగలేదు లాంటి ప్రశ్నలు చార్జిషీటులో ఉండవు. వాటి కోసమే విచారణ.

విచారణ వేసే అధికారం ఎవరిది, మంత్రిదా సభదా?

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2005 నాటి విచారణల చట్టం ప్రకారం మంత్రే విచారణ వేస్తారు. అధ్యక్షులను, విచారణ పరిధిని ఆయనే నిర్ణయించి పార్లమెంటుకు తెలియజేస్తారు. పార్లమెంటు అనుమతి ఓటు తప్పనిసరి కాదు. జెర్సీలో అలా కాదు. ప్రజా ప్రాముఖ్యం ఉన్న ఒక నిర్దిష్ట విషయం మీద విచారణ కమిటీ వేయాలంటే సభలో తీర్మానం పెట్టి నెగ్గాలి. సభ వేసిన కమిటీకి సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే అధికారం ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రభుత్వ గృహాల్లోనే పిల్లలు హింసకు గురైతే, విచారించాలా వద్దా అని తేల్చే పని అదే ప్రభుత్వానికి వదిలేయకూడదు. ఆరోపణ ఎదుర్కొంటున్న శాఖ మంత్రి ఎంత మంచివాడైనా ఆ కుర్చీ ఆయన్ను వెనక్కి లాగుతుంది.

మంత్రివర్గం వద్దన్నాక ఒక మామూలు సభ్యుడు ఏం చేయగలడు?

చాలా చేయగలడు. 2008లో అప్పటి ముఖ్యమంత్రి ఫ్రాంక్ వాకర్, కేసులన్నీ ముగిశాక విచారణ కమిటీ వేసే ఉద్దేశం ఉందని చెప్పారు. కేసులు ముగిశాయి. అప్పటికి ముఖ్యమంత్రిగా ఉన్న టెర్రీ లె సూయర్ మంత్రివర్గం ఇక విచారణ అక్కర్లేదని తేల్చేసింది. సంరక్షణ గృహాల్లో పెరిగినవాళ్ల సంఘం కుంగిపోయింది.

అప్పుడు ఫ్రాన్సిస్ లె గ్రెస్లీ అనే సెనేటర్ ముందుకొచ్చారు. సభకు ఎన్నిక కాకముందు ఆయన పౌరులకు ఉచితంగా సలహాలిచ్చే కేంద్రాన్ని నడిపినవారు. కాగితాలు పట్టుకుని వచ్చే సామాన్యుల గోడు ఓపికగా వినడం ఆయనకు అలవాటైన పని. మంత్రివర్గం తన నిర్ణయాన్ని పునఃపరిశీలించి విచారణకు సిద్ధం కావాలని 2011లో తీర్మానం పెట్టారు. సభ ఆమోదించింది. ఆ తర్వాత వచ్చిన ముఖ్యమంత్రి ఇయన్ గోర్స్ట్ పూర్తి ప్రతిపాదన తెచ్చారు. 2013 మార్చిలో సభ దానికి ఒప్పుకుంది.

ఆ రెండేళ్ల ఆలస్యంలో కొందరు బాధితుల ఆశ ఆవిరైపోయి ఉంటుంది. అయినా ఆ ఒక్క తీర్మానం లేకపోతే విచారణే లేదు.

మంత్రులు చెప్పిన కారణాల్లో అసలు న్యాయమే లేదా?

ఉంది, పూర్తిగా కొట్టిపారేయలేం. పోలీసు దర్యాప్తు జరిగింది, కోర్టులు తీర్పులిచ్చాయి, పిల్లల సేవల మీద నిపుణుల సమీక్షలు వచ్చాయి, కొత్తగా తెలిసేదేముంది అన్నది వాళ్ల వాదన. ఖర్చు భయం కూడా సహజమే. ఈ వాదనలో ఒక్క లోటుంది. ఆ సమీక్షల్లో వేటిలోనూ బాధితులు అందరి ముందూ నిలబడి తమ మాట చెప్పుకోలేదు. ఏ అధికారీ అందరి ముందూ జవాబు చెప్పలేదు.

అంటే సభ ఎప్పుడూ బాధితుల పక్షానే నిలిచిందా?

లేదు. ఇది దాచకూడని విషయం. 2007లో పిల్లల రక్షణ సరిగ్గా లేదని గట్టిగా మాట్లాడిన ఆరోగ్య మంత్రి స్టూవర్ట్ సివ్రెట్‌ను అదే సభ ఓటు వేసి పదవి నుంచి తొలగించింది. ఆయన మాట తీరు మీద, నడవడిక మీద అభ్యంతరాలు చెప్పారు. ఆయన శైలి అందరికీ నచ్చకపోవచ్చు, కానీ లేవనెత్తిన విషయం పిల్లల భద్రత.

2008 మే 9న, నాజీ ఆక్రమణ నుంచి ద్వీపం విముక్తి పొందిన రోజు జరిపే ఉత్సవంలో, సభకు అధ్యక్షత వహించే బెయిలిఫ్ ఫిలిప్ బెయిల్‌హాష్ ప్రసంగించారు. పిల్లల మీద హింస ఎక్కడ జరిగినా ఘోరమే అంటూనే, జెర్సీ ప్రతిష్ఠను అదేపనిగా దిగజార్చడమే అసలైన అపచారం అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట తీవ్రమైన రాజకీయ తప్పిదమని విచారణ కమిటీ తర్వాత నిర్ధారించింది. ఊరి పరువు ముందు, పిల్లల కన్నీళ్లు తర్వాత అనే వరస మనకు కొత్త కాదు. మన ఇళ్లలో 'బయట తెలిస్తే పరువు పోతుంది' అనే మాట ఎన్నిసార్లు వినలేదు?

## పరిధి, సభ్యులు, డబ్బు

విచారణ పరిధి అంటే ఏమిటి? దాని మీద అంత గొడవెందుకు?

కమిటీ ఏ సంవత్సరాలు చూడాలి, ఏ సంస్థలు చూడాలి, ఏ ప్రశ్నలకు జవాబు వెతకాలి అని రాసిచ్చే కాగితమే పరిధి. చూడటానికి పొడిగా ఉంటుంది కానీ సగం తీర్పు అక్కడే అయిపోతుంది. 'బాలల గృహాలు' అని మాత్రమే రాస్తే పెంపుడు కుటుంబాల దగ్గర నలిగిన పిల్లలు బయట ఉండిపోతారు. ఆరంభ సంవత్సరం పదేళ్లు ముందుకు జరిపితే ఒక తరం మొత్తం మాయమవుతుంది.

జెర్సీలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 నుంచి వర్తమానం దాకా చూడమన్నారు. పరిధి మీద సలహా కోసం వెరిటా అనే బయటి సంస్థను పెట్టుకున్నారు. చివరికి ఆమోదం పొందిన జాబితాలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ప్రాసిక్యూషన్ గురించినది. కేసులు పెట్టాలా వద్దా అన్న నిర్ణయాలు ఎలా జరిగాయి, అందులో రాజకీయ జోక్యం కానీ మరో జోక్యం కానీ ఉందా అన్నది చూడమన్నారు. ఒక చట్టసభ తన ప్రభుత్వం గురించి, తన న్యాయాధికారుల గురించి ఈ ప్రశ్న అడగమని రాతపూర్వకంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

పరిధి రాసేటప్పుడు సభ్యులు ఏం గమనించాలి?

ముందుగా బాధితులతో కూర్చోవాలి. ముసాయిదా తయారయ్యాక అభిప్రాయం అడగడం వేరు, రాయకముందే వాళ్ల మాట వినడం వేరు. తర్వాత ముసాయిదాలో ఏం ఉందో కాకుండా ఏం లేదో చూడాలి. ఏ శాఖ పేరు రాలేదు? ఏ కాలం వదిలేశారు? 'అవసరమైతే', 'వీలైనంత వరకు' లాంటి మాటలు ఎక్కడ దూరాయి? అనుమానం వస్తే సవరణ పెట్టాలి. సవరణ ఓడిపోయినా ఎవరు ఎటు ఓటేశారో రికార్డులో ఉంటుంది.

కమిటీలో ప్రజాప్రతినిధులే కూర్చుంటారా?

కూర్చోకూడదు, జెర్సీలో కూర్చోలేదు. లక్ష మంది ఉన్న చోట ఎవరికో ఒకరికి ఎవరో ఒకరు చుట్టమో, క్లాస్‌మేటో, పక్కింటివాళ్లో అవుతారు. అందుకే అధ్యక్షురాలు ఫ్రాన్సెస్ ఓల్డ్‌హమ్‌ను, ఇద్దరు సభ్యులను ద్వీపం బయటి నుంచే తెచ్చుకున్నారు. ఆమె ఇంగ్లండ్‌కు చెందిన సీనియర్ న్యాయవాది. సభ నియమించింది, పరిధి ఇచ్చింది, డబ్బిచ్చింది. ఎవరి మాట నమ్మాలి, ఏం తేల్చాలి అన్నది పూర్తిగా కమిటీకి వదిలేసింది.

అధ్యక్షుల ఎంపికలో ఎన్నికైన సభ్యులకు పాత్ర అవసరమా, మంత్రి ఎంపిక చేస్తే చాలదా?

పిల్లలపై లైంగిక హింస మీద ఇంగ్లండ్, వేల్స్‌లో జరిగిన విచారణ దీనికి పాఠం. 2014 జులైలో అప్పటి హోం మంత్రి థెరిసా మే విచారణ ప్రకటించారు. మొదట ఎంపికైన బట్లర్ స్లాస్ వారం తిరక్కుండానే తప్పుకున్నారు. పరిశీలించాల్సిన కాలంలో ఆమె అన్నయ్య అటార్నీ జనరల్‌గా ఉండటమే అభ్యంతరం. తర్వాత వచ్చిన ఫియోనా వుల్ఫ్, ఆ కాలంలో హోం మంత్రిగా ఉన్న ఒకరితో ఉన్న పరిచయాల కారణంగా అదే ఏడాది అక్టోబర్ చివర్లో తప్పుకున్నారు. మూడోసారి న్యూజిలాండ్ న్యాయమూర్తి లోవెల్ గొడ్డార్డ్‌ను ఎంచుకున్నప్పుడు పార్లమెంటు హోం వ్యవహారాల కమిటీ ఆమెను ముందే పిలిచి ప్రశ్నించింది. ఆమె కూడా 2016లో రాజీనామా చేశారు, చివరికి అలెక్సిస్ జే పూర్తిచేశారు. కాబట్టి సభ్యులు ప్రశ్నించినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని చెప్పను. కానీ చుట్టరికాలు, పరిచయాలు లాంటివి నియామకానికి ముందే అందరి ముందూ అడిగి ఉంటే మొదటి రెండు దెబ్బలు బాధితులకు తగిలేవి కావు. ప్రతి రాజీనామాతో వాళ్ల నమ్మకం మళ్లీ మొదటికొచ్చింది.

ఖర్చు ఎంతయింది? అంత పెట్టడం సబబేనా?

జెర్సీ విచారణకు సుమారు 2.3 కోట్ల పౌండ్లు అయ్యాయి. తల ఒక్కింటికి సుమారు 230 పౌండ్లు. మొదట అనుకున్నదానికి ఎన్నో రెట్లు. 2015లో అదనపు డబ్బు కోసం ముఖ్యమంత్రి మళ్లీ సభ ముందుకు రావాల్సి వచ్చింది. గట్టి చర్చే జరిగింది, సభ ఒప్పుకుంది.

డబ్బు అడిగే సభ్యుణ్ని బాధితుల శత్రువుగా చూడకూడదు, లెక్క అడగడం అతని పని. లాయర్ల ఫీజులెంత, బాధితుల కౌన్సెలింగ్‌కు ఎంత, పత్రాలు వెతకడానికి ఎంత అని విడివిడిగా అడగాలి. సగంలో గొంతు నొక్కేలా గరిష్ఠ పరిమితి పెట్టడం మాత్రం వేరు. మొదటి వారం వచ్చిన బాధితుడికి పూర్తిగా మాట్లాడే వీలు దొరికి, ఆఖరి వారం వచ్చినవాడికి బడ్జెట్ అయిపోయిందని చెబితే అది ఎంత క్రూరమో ఆలోచించండి.

## విచారణ సాగుతున్నప్పుడు

విచారణ నడుస్తుండగా సభ్యులు దాని గురించి మాట్లాడొచ్చా?

ఏర్పాట్ల గురించి మాట్లాడొచ్చు. శాఖలు పత్రాలు సమయానికి ఇస్తున్నాయా, సాక్షులకు సాయం అందుతోందా అని అడగొచ్చు, అడగాలి. ఫలానా సాక్షి అబద్ధం చెబుతున్నాడనో, ఫలానా అధికారి దోషి అనో అనకూడదు. అలా అంటే రేపు నివేదికను కోర్టులో సవాలు చేసేవాళ్లకు మనమే ఆయుధం ఇచ్చినట్టు.

బాధితులు సభ్యుడి దగ్గరికే వచ్చి చెప్పుకుంటే ఆయన ఏం చేయాలి?

ఇది నన్ను బాగా ఆలోచింపజేసే ప్రశ్న. జెర్సీలో కొందరు మొదట చెప్పుకున్నది పోలీసులకో లాయర్‌కో కాదు, తమకు తెలిసిన సభ్యుడికి. యాభై అరవై ఏళ్ల మనిషి, పెళ్లాం పిల్లలకు కూడా చెప్పని విషయం, మీ ఎదురుగా కుర్చీలో కూర్చుని చెబుతుంటే ముందు చేయాల్సింది వినడం. మధ్యలో ఆపొద్దు, తేదీలు అడిగి బెదరగొట్టొద్దు. 'ఇంతకాలం ఎందుకు చెప్పలేదు' అన్న మాట నోట్లోంచి రాకూడదు.

తర్వాత నిజాయితీగా ఉండాలి. 'నేను చూసుకుంటాను' అనే హామీ మన నాయకులకు ఊతపదం. ఇక్కడ అది ప్రమాదం. సభ్యుడు దర్యాప్తు అధికారి కాదు. సొంతంగా విచారిస్తే, ఇద్దరు బాధితులను ఒకచోట కూర్చోబెట్టి కథలు పోల్చి చూస్తే, రేపు కోర్టులో ఆ సాక్ష్యం కలుషితమైందంటారు. ఎక్కడ ఫిర్యాదు చేయాలో, కమిటీని ఎలా కలవాలో, మానసిక సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. తోడు కావాలంటే వెళ్లాలి. నిందితుడు ఇప్పటికీ పిల్లల దగ్గర పనిచేస్తున్నాడని తెలిస్తే మాత్రం రహస్యం పాటిస్తానని మాటివ్వకూడదు. అది వెంటనే పోలీసులకు చేరాలి, ఆ సంగతి ఎదుటివ్యక్తికి ముందే చెప్పాలి.

మన దగ్గర కూడా చాలా విషయాలు ముందు వార్డు మెంబర్‌కో కౌన్సిలర్‌కో ఎమ్మెల్యే ఇంటికో వెళ్తాయి. వాళ్లకు ఈ ఒక్క విషయం మీద శిక్షణ ఇచ్చినా ఎంతో మేలు.

సభలో మాట్లాడినదానికి కేసు ఉండదు కదా, నిందితుల పేర్లు అక్కడ చదివేయొచ్చుగా?

ఆ రక్షణ ఉంది. అది ప్రభుత్వం దాచిన నిజాన్ని బయటపెట్టడానికి. నేరుగా పేర్లు చదివితే రెండు నష్టాలు. నిందితుడు నిజంగా దోషి అయితే న్యాయమైన విచారణ దొరకలేదని తప్పించుకునే దారి దొరుకుతుంది. చిన్న ఊళ్లో నిందితుడి పేరు తెలిస్తే బాధితురాలు ఎవరో కూడా ఇట్టే తెలిసిపోతుంది. ఆమె ఒప్పుకోకుండా ఆమె జీవితాన్ని వీధిలో పెట్టే హక్కు ఏ సభ్యుడికీ లేదు.

సభ్యుడే విచారణలో సాక్షి అయితే? ఆయన మీదే తప్పు తేలితే?

జెర్సీలో అదీ జరిగింది. దర్యాప్తు సాగుతున్న 2008లో పోలీసు అధిపతిని సస్పెండ్ చేశారు. దాని గురించి అప్పటి హోం వ్యవహారాల మంత్రి సభకు అబద్ధం చెప్పారని కమిటీ తన నివేదికలో రాసింది. సభ వేసిన కమిటీయే సభ్యుడి గురించి అంతమాట రాయగలిగిందంటే, దానికి ఇచ్చిన స్వతంత్రం కాగితం మీదిది కాదన్నమాట. ఇలాంటి సంబంధం ఉన్న సభ్యులు విచారణ డబ్బు మీదా, పరిధి మీదా, నివేదిక అమలు మీదా జరిగే ఓటింగ్‌కు దూరంగా ఉండటం మర్యాద.

## నివేదిక వచ్చాక

జెర్సీ నివేదిక ఏం తేల్చింది?

2017 జులై 3న విడుదలైంది. దశాబ్దాల పాటు పిల్లలను ఆదుకోవాల్సిన వ్యవస్థ వాళ్లను వదిలేసిందని, ప్రభుత్వ విధానాల్లో పిల్లలకు విలువ ఇవ్వలేదని తేల్చింది. ఎనిమిది సిఫార్సులు చేసింది. పిల్లల కమిషనర్‌ను నియమించడం, పిల్లల మాట వినే ఏర్పాటు, సేవలకు స్వతంత్ర తనిఖీ, నిలకడగా పనిచేసే సిబ్బంది, పాతబడిన చట్టాలను మార్చడం వాటిలో ఉన్నాయి. సంరక్షణలో ఉన్న పిల్లలకు ప్రభుత్వమే తల్లిదండ్రి అన్న బాధ్యతను గుర్తించమంది. కన్నబిడ్డకు మనం ఒప్పుకోనిది ఆ బిడ్డకూ ఒప్పుకోకూడదని దానర్థం.

'జెర్సీ వే' అనే మాట తరచూ వినిపిస్తుంది, ఏమిటది?

'జెర్సీ తీరు' అనుకోవచ్చు. కొందరు దాన్ని ఆప్యాయంగా వాడతారు, ఒకరికొకరు సాయంగా ఉండే చిన్న సమాజం అన్న అర్థంలో. సాక్షులు కమిటీ ముందు దాన్ని వేరే అర్థంలో వాడారు. పెద్దవాళ్లను కాపాడుకోవడం, మార్పును అడ్డుకోవడం, ఎదిరించినవాణ్ని ఒంటరిని చేయడం. కమిటీ ఈ అభిప్రాయాన్ని పక్కన పెట్టకుండా ఏకంగా ఒక సిఫార్సు చేసింది. దీన్ని ఎలా పోగొట్టాలో ప్రజలంతా పాల్గొనేలా బహిరంగంగా చర్చించమంది.

క్షమాపణ ఎవరు చెప్పాలి?

ప్రభుత్వ అధినేత చెప్పాలి, సభలో చెప్పాలి, షరతుల్లేకుండా చెప్పాలి. జెర్సీలో నివేదిక వచ్చిన రోజే ముఖ్యమంత్రి గోర్స్ట్ క్షమాపణ చెప్పారు. ఆస్ట్రేలియాలో 2018 అక్టోబర్ 22న ప్రధాని పార్లమెంటులో జాతి తరఫున చెప్పారు. 'ఎవరైనా బాధపడి ఉంటే' అని మొదలయ్యే క్షమాపణ చెప్పకపోవడమే మంచిది.

నివేదిక అటకెక్కకుండా సభ్యులు ఏం చేయొచ్చు?

జెర్సీ కమిటీ ఒక తెలివైన పని చేసింది. రెండేళ్ల తర్వాత తామే తిరిగొచ్చి అమలు చూస్తామంది. అన్నట్టే 2019లో వచ్చి బహిరంగంగా విని, మరో నివేదిక ఇచ్చింది. కొన్ని పనులు జరిగాయి, కొన్ని చాలా నెమ్మదిగా సాగుతున్నాయని తేలింది. ఈలోగా పిల్లల కమిషనర్ వచ్చారు, ఆ పదవికి 2019లో చట్టబద్ధత కూడా వచ్చింది.

సభ్యులు చేయాల్సింది ప్రతి సిఫార్సుకూ ఒక మంత్రి పేరు, ఒక తేదీ అడగడం. 'పరిశీలనలో ఉంది' అనేది జవాబు కాదు. ఎన్నికల తర్వాత కొత్తగా వచ్చిన సభ్యులకు ఈ నివేదిక చదివించడం కూడా అవసరం. ప్రతి ఎన్నికతో సభ జ్ఞాపకం చెరిగిపోతుంది.

అసలు సభే పనిచేయకపోతే ఏమవుతుంది?

ఉత్తర ఐర్లండ్‌లో అదే జరిగింది, తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అక్కడి అసెంబ్లీ 2013లో చట్టం చేసి, 1922 నుంచి 1995 దాకా సంస్థల్లో పిల్లలకు జరిగినదాని మీద సర్ ఆంథనీ హార్ట్ అధ్యక్షతన విచారణ వేసింది. 2017 జనవరిలో నివేదిక వచ్చింది, పరిహారం ఇవ్వమంది. సరిగ్గా ఆ నెలలోనే అధికార భాగస్వామ్య ప్రభుత్వం కూలిపోయింది. మూడేళ్లు మంత్రులు లేరు, సభ కూర్చోలేదు. బాధితుల్లో వృద్ధులు ఎదురుచూస్తూనే చనిపోయారు. హార్ట్ కూడా 2019 జులైలో, చట్టం రాకముందే కన్నుమూశారు. చివరికి 2019 నవంబర్‌లో లండన్ పార్లమెంటు, ఎన్నికల కోసం రద్దయ్యే ముందు హడావుడిగా ఆ చట్టం చేసింది. బహిరంగ క్షమాపణ 2022 మార్చి 11న గానీ రాలేదు. ఎన్నికైనవాళ్లు తమ కుర్చీల్లో లేకపోతే ఎంత గొప్ప నివేదికైనా కాగితంగానే ఉండిపోతుంది.

పరిహారం విచారణ తర్వాతే ఇవ్వాలా?

అక్కర్లేదు. జెర్సీ 2012లోనే, విచారణ మొదలుకాకముందే ఒక పరిహార పథకం తెచ్చింది. వయసు మీద పడినవాళ్లను నివేదిక దాకా ఆగమనడం అన్యాయం.

## మన దగ్గర

మన రాష్ట్ర చట్టసభ తీర్మానం చేస్తే ప్రభుత్వం విచారణ కమిషన్ వేయాల్సిందేనా?

వేయాల్సిందే. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం మూడో సెక్షన్ ప్రకారం ప్రభుత్వం తనంతట తాను అవసరమనుకుంటే కమిషన్ వేయొచ్చు. చట్టసభ తీర్మానం చేస్తే మాత్రం తప్పక వేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఇదే చట్టం. హాస్టళ్లు, బాలల గృహాల విషయంలో ఈ దారి ఉందని చాలామంది ప్రజాప్రతినిధులకే గుర్తుండదు.

కమిషన్ నివేదికను ప్రభుత్వం దాచిపెట్టుకోవచ్చా?

అదే చట్టం ప్రకారం నివేదిక అందిన ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి చట్టసభ ముందు పెట్టాలి. పెట్టకపోతే అడగాల్సింది సభ్యులే. మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాసి, ఫలానా నివేదిక సభ ముందుకు ఎప్పుడొస్తుందని అడగండి. ప్రశ్నోత్తరాల సమయంలో అడగమని కోరండి.

చిన్నప్పుడు నాకు జరిగినదాని మీద పెద్దయ్యాక ఫిర్యాదు చేయొచ్చా?

చేయొచ్చు. పోక్సో చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. దాని కింద ఫిర్యాదుకు బాధితుల వయసు అడ్డు కాదని 2018లో కేంద్రం స్పష్టం చేసింది. అంతకుముందు జరిగినవాటికి అప్పటి శిక్షాస్మృతి వర్తిస్తుంది. తీవ్రమైన నేరాలకు కాలపరిమితి ఉండదు. ముందుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, అర్హత ఉన్నవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్ దొరుకుతారు. మీకు నమ్మకమున్న ఒక్కరిని తోడు తీసుకెళ్లండి. ఇప్పుడు ఏ బిడ్డకైనా ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం ఆగకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. రాత్రయినా ఎత్తుతారు.